కాఫీ, గ్రీన్ టీ: ఒక ఆరోగ్య విచారణ

మొగల్తూరులో తెల్లవారగనే కాఫీ గ్లాసు కనబడని ఇల్లు అరుదు. చిక్కని పాలు, రెండు చెంచాల పంచదార, పైన నురుగు, ఇదియే మన కాఫీ. ఇటీవల వైద్యుని సలహాపై పెద్దలు కొందరు, బరువు తగ్గవలెనని యువకులు కొందరు దీనిని మాని గ్రీన్ టీ త్రాగుచున్నారు. ఇందువలన కలుగు లాభమెంత?

ముందొక చిన్న ముచ్చట. కాఫీ అను మాటకు మూలము అరబ్బీలోని ‘ఖహ్వా’. ఉర్దూ చదువు మన మిత్రులకిది పరిచితమే. అయితే కాశ్మీరులో ఖహ్వా అనగా ఏలకులు, కుంకుమపువ్వు వేసి కాచిన పచ్చ తేయాకు పానీయము!

కోసిన తేయాకును వెంటనే వేడిచేసినచో అది నల్లబడక, అందలి కాటెకిన్లు అను పదార్థములు చాలవరకు నిలుచును. జపానులో 40,530 మందిని ఏండ్ల తరబడి పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనమున, గ్రీన్ టీ ఎక్కువగా త్రాగువారిలో గుండె, రక్తనాళ వ్యాధుల మరణములు తక్కువగా కనబడినవి. కాన్సరు మరణములలో అట్టి భేదము కానరాలేదు. వారి ఇతర అలవాట్ల ప్రభావమును పూర్తిగా వేరుచేయుట కష్టము గనుక ఇది తిరుగులేని ఋజువు కాదు.

మా లెక్కలో అసలు లాభము పంచదార మానుటలో నున్నది. రోజుకు మూడు గ్లాసులు, గ్లాసుకు రెండు చెంచాలు, చెంచాకు 4 గ్రాముల చొప్పున 24 గ్రాములగును. రోజంతటికి సుమారు 25 గ్రాములకు లోబడుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. ఆ కొలత కాఫీతోనే నిండిపోవుచున్నది! పంచదార లేని కాఫీ త్రాగినను ఈ లాభము కలుగును. గ్రీన్ టీలో తేనె ధారాళముగా పోసికొన్నచో అదియును పోవును.

పరీక్షల ముందు రాత్రులు మేల్కొను విద్యార్థులు కెఫీన్ సంగతి గమనింపవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుండి 120, టీలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండును. రోజుకు 300 దాటరాదు. అర్ధరాత్రి త్రాగినచో గ్రీన్ టీ కూడ నిద్రను చెరుపగలదు.

టీలోని టానిన్లు ఆహారమందలి ఇనుమును శరీరమునకు అందనీయవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏండ్ల భారత స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. కనుక భోజనమునకు గంట ముందు, గంట తరువాత కాఫీ, టీలు త్రాగరాదని పై మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఐరన్ మాత్రలు వాడు మా సోదరీమణులు వానిని టీతో గాక మంచినీళ్ళతో మ్రింగవలెను.