తగవు మీద ఇష్టమా, గెలుపు మీద మోజా?



ఈ వారం ఒకే ఒక గ్రీకు మాట నేర్చుకుందాం: ‘ఫిలోనేకియా’. నూతన నిబంధన మొత్తంలో ఇది ఒక్కచోటే కనిపిస్తుంది. ఎక్కడో తెలుసా? లూకా సువార్త 22వ అధ్యాయం 24వ వచనంలో. అది ప్రభువు కడరాత్రి భోజనం. 19, 20 వచనాలలో ప్రభువు రొట్టెనూ పాత్రనూ శిష్యులకు ఇచ్చారు. తనను అప్పగించేవాడు ఆ బల్ల దగ్గరే ఉన్నాడని చెప్పారు. అంతలోనే తమలో ఎవరు గొప్ప అని శిష్యులు వాదులాటకు దిగారు! పూజ ముగిశాక గుడి మెట్ల మీద మనం పడే పోట్లాటలు ఈనాటివి కావన్నమాట.

‘ఫిలో’ అంటే ఇష్టపడడం, ‘నేకోస్’ అంటే తగవు. కాబట్టి ఈ మాటకు జగడాలమారితనం అని అర్థం. అయితే గ్రీకులో ‘నీకే’ అని మరో మాట ఉంది. దానికి అర్థం గెలుపు. మన పిల్లలు ముచ్చటపడే నైకీ బూట్లకు ఆ పేరు గ్రీకుల విజయదేవత నుండే వచ్చింది. ‘ఫిలోనీకియా’ అంటే గెలుపు మీద మోజు. కాలక్రమంలో ఈ రెండు మాటల ఉచ్చారణ ఒకటైపోయింది. వ్రాతప్రతులలో కూడా ఒకదాని చోట మరొకటి చేరింది.

ఆలోచిస్తే, జీవితంలోనూ అవి అలాగే కలిసిపోతాయి. తగవు కోసమే తగవు పెట్టుకునేవారు తక్కువ. గెలవాలన్న మోజే తగవును పెంచుతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని మన పెద్దలు ఊరికే అనలేదు. మన గుడివాడ పల్లెల్లో జానెడు గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కడం మీకు తెలుసు. వకీలుకిచ్చిన డబ్బు గట్టు విలువను మించిపోయినా ఆగరు. అప్పటికి వారికి కావలసింది మట్టి కాదు, అవతలివాడు తలవంచడం!

క్రీ.పూ. 399లో సోక్రటీసు విషం త్రాగి మరణించాడు. ఆనాడు ఆత్మ అమరత్వం గురించి మిత్రులతో చర్చిస్తూ, తాను జ్ఞానాన్ని ప్రేమించేవాడిలా కాక గెలుపును ప్రేమించేవాడిలా మాట్లాడుతున్నానేమో అని సందేహించినట్లు ప్లేటో ‘ఫైడో’లో వ్రాశాడు. చావు ముందు కూడా అంత మెలకువ!

గురువిద్యాలయంలో ఆ పాఠం చదివి పరీక్ష వ్రాసినవాడిని నేను. అయినా ఒకసారి విచారణ సంఘం సమావేశంలో ఒక పెద్దాయనతో వాదించి, తర్కంతో నోరు మూయించాను. న్యాయం నా వైపే ఉంది. తరువాతి ఆదివారం నుండి ఆయన పూజకు రాలేదు. నేను గెలిచింది వాదాన్ని, పోగొట్టుకున్నది మనిషిని. సంఘాధ్యక్షుడు కలహప్రియుడు కాకూడదని తిమోతికి వ్రాసిన మొదటి లేఖ 3వ అధ్యాయంలో ఉన్న మాట ఆ రోజు నాకు గుచ్చుకుంది. ఆయన ఇంటికి వెళ్ళి క్షమాపణ అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మరి గెలవడమే తప్పా? కాదు. రోమీయులకు వ్రాసిన లేఖ 12వ అధ్యాయం చివర పునీత పౌలు కీడును మేలుతో జయించమన్నారు. అక్కడ ఆయన వాడిన క్రియ ‘నీకే’కు సంబంధించినదే! ఓడించవలసింది కీడును, తోబుట్టువును కాదు.

ఈ వారం ఇంట్లో మాట పెరిగినప్పుడు ఒక్క క్షణం ఆగండి. “నాకు కావలసింది నిజమా, గెలుపా?” అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు గెలుపు అని వస్తే, ముందుగా మీరే మౌనం వహించండి. ఎవరితోనైనా మాటలు మానేసి ఉంటే, వచ్చే ఆదివారం పూజకు ముందే వారి గుమ్మం తొక్కండి.