యుద్ధమునకు మూలమేమి?

మానవుడు యుద్ధమునకు ఏల పూనుకొనును? ఈ ప్రశ్నకు భారతకథలోనే సమాధానము కలదు. పాండవులకు అయిదూళ్లయినను ఇమ్మని శ్రీకృష్ణుడు రాయబారమున అడిగెను. సూదిమొన మోపునంత నేలయు ఈయనని దుర్యోధనుడు పలికెను. హస్తినాపురమున నేలకు కొరత లేదు. రాజ్యలోభము, దాయాదుల బలము పెరుగునను భయము, తగ్గినచో పరువు పోవునను అభిమానము, ఈ మూడును కలిసి కురుక్షేత్రమునకు దారితీసినవి.

ఈ మూడు కారణములు మన కాలమున కూడ ఎట్లు పనిచేయునో గల్ఫ్ సముద్రములోని బహ్రెయిన్ ద్వీపరాజ్య చరిత్ర తెలుపును. అచటి పాలకులైన అల్ ఖలీఫా వంశమువారు పూర్వము ఖతార్ తీరమునందలి జుబారాలో నివసించిరి. 1783లో బహ్రెయిన్‌ను జయించిరి. తాతల ఊరిపై మమకారము మాత్రము పోలేదు. దానికై 1937లో రక్తము చిందినది. ఇది అభిమానము. ఖతార్ తీరమునకు అతి చేరువనున్న హవార్ దీవులు బహ్రెయిన్‌వే యని 1939లో బ్రిటిషువారు నిర్ణయించిరి. ఇంటి గుమ్మమున పొరుగువాని అధికారము నిలుచుట ఖతార్‌కు సమ్మతము కాలేదు. ఇది భయము. 1932లో బహ్రెయిన్‌లో చమురు బయల్పడిన పిమ్మట ఆ ప్రాంతమున సముద్రగర్భమునకు సైతము వెల ఏర్పడెను. ఇది లోభము.

ఫష్త్ అద్ దిబల్ అనునది పోటువేళ నీట మునిగి, ఆటువేళ మాత్రమే పైకి కనబడు దిబ్బ. అచట బహ్రెయిన్ తీరరక్షక స్థావరమును కట్టించుచుండగా, 1986 ఏప్రిల్‌లో ఖతార్ సైనికులు దిగి, సుమారు 30 మంది విదేశీ పనివారిని పట్టుకొనిపోయిరి. పొరుగు రాజ్యముల మధ్యవర్తిత్వముతో మే నెలలో వారు విడుదలయిరి. తగవు ప్రభువులది, చెర కూలివారిది.

తోటలకు కూలికి పోయినవారి సంతతికి ఈ మాట కొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున జపాను సైన్యము మలయా తోటలనుండి వేలాది దక్షిణ భారత కూలీలను సయాం–బర్మా రైలుమార్గపు పనికి తరలించెను. వారిలో తెలుగువారును ఉండిరి. పలువురు తిరిగిరాలేదు. ఆ యుద్ధమును వారెవరును కోరలేదు.

అయితే బహ్రెయిన్ కథ కురుక్షేత్రముతో ముగియలేదు. 1991లో ఖతార్ ఈ తగవును హేగ్ నగరములోని అంతర్జాతీయ న్యాయస్థానమునకు కొనిపోయెను. ఆ న్యాయస్థానమునకు అధికారము లేదని బహ్రెయిన్ తొలుత వాదించెను. కాని పిదప విచారణలో పాల్గొనెను. 2001 మార్చి 16న తీర్పు వెలువడెను. హవార్ దీవులు బహ్రెయిన్‌కును, జుబారా, జనాన్ దీవి, ఫష్త్ అద్ దిబల్ ఖతార్‌కును చెందినవి. కోరినదంతయు ఎవరికిని దక్కలేదు. అయినను ఇరువురును తీర్పును శిరసావహించిరి.

లోభము, భయము, అభిమానము మానవుని విడువవు. కాని ఇరుపక్షములు మన్నించు తీర్పరి ఉన్నచో, తగ్గుట పరాభవము కాదు. కురుసభలో హితము చెప్పు పెద్దలుండిరి. ఇరువురును తలవంచు తీర్పరి లేడు.

పిల్లలు ఆలోచింపవలసిన ప్రశ్నలు:
1. మన యిండ్ల తగవులలో ఈ మూడు కారణములలో ఏది ముందు వచ్చును?
2. తీర్పరి మాట మనకు ప్రతికూలమైనప్పుడు దానిని ఏల మన్నింపవలెను?
3. యుద్ధమును కోరువారెవరు? దాని భారమును మోయువారెవరు?