నచ్చిన పాట, నొచ్చిన మనసు

అమ్మలూ,

నువ్వు ఫోనులో చెప్పిన సంగతి నా మనసులో తిరుగుతూనే ఉంది. ఫోనులో అయితే సగం చెప్పి సగం మింగేస్తాం. అందుకే కాగితం తీశాను. తీరిగ్గా చదువుకో.

నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇది. బాపట్ల హాస్టల్లో నువ్వు, ఇక్కడ తెనాలిలో డిగ్రీ చదువుతున్న ఆ కుర్రాడు, రేపల్లెలో ఉంటున్న నీ టెన్త్ స్నేహితురాలు ఒకరికొకరు పాటలు పంపుకుంటారు. సినిమా పాటలు కాదు, సొంతంగా రాసుకుని, సొంతంగా బాణీ కట్టుకుని పాడే బ్యాండ్ల పాటలు, మీరు ఇండీ అనేవి. మొన్న ముగ్గురూ సూర్యలంకలో కలిసినప్పుడు మాట టీవీ కామెడీల మీదికి మళ్ళింది. నువ్వు ‘అమృతం’ అన్నావు. తెనాలి కుర్రాడు ‘ఫ్రెండ్స్’ అన్నాడు. రేపల్లె పిల్ల ‘జబర్దస్త్’ అంది. మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల గ్రూపులో ఒక్క పాటా పంపడం లేదు. ‘ఒక షో గురించి ఇంత పట్టింపా పెదనాన్నా’ అని నన్ను అడిగావు.

ఆమె పట్టింపు షో గురించి అనుకోకమ్మా. వాళ్ళింట్లో అన్నాలయ్యాక నాన్న, నానమ్మ, తమ్ముడు అందరూ ముందుగదిలో చేరి నవ్వుకునే సమయం అది. మీరు ఆ గదిని చూసి నవ్వినట్టు వినిపించింది ఆమెకి. ఇంగ్లీషు సీరియల్ పేరు చెప్పినవాడికి మర్యాద, ఈటీవీ షో పేరు చెప్పినదానికి ఎగతాళి. ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది.

నాకా షో నచ్చుతుందని కాదు. 2013లో మొదలైనప్పుడు కొన్నాళ్ళు చూశాను. మిమిక్రీ చేసుకుంటూ, ఊళ్ళలో వేదికలెక్కుతూ తిరిగిన ఎంతమంది కుర్రాళ్ళకో అది అన్నం పెట్టింది. ఒకరి మాటకి ఇంకొకరు అందుకునే ఆ వేగం సామాన్యమైన పని కాదు, నెలల తరబడి సాధన ఉంటే తప్ప రాదు. అయితే ఒంటి రంగు మీద, లావు మీద, భార్యాభర్తలు కొట్టుకోవడం మీద వేసే జోకులకి నాకు నవ్వు రాదు. ఇప్పుడు నేను చెప్పినట్టే నువ్వూ ఆమెకి చెప్పి ఉండొచ్చు. ఏ స్కిట్టు బాగుంది, ఏ జోకు దగ్గర ఇబ్బందిగా అనిపించింది అని. ఆమె ఒప్పుకునేదో, నీతో గట్టిగా వాదించేదో, ఏదైనా మాట సాగేది. మీ నవ్వుతో అది అక్కడే తెగింది.

నేను నీకు చెప్పదలచుకున్నది ఒకటే. బాగుంది, బాగాలేదు అని తీర్పు చెప్పి ఊరుకోకు. ఎక్కడ బాగుందో చూపించు. మనిళ్ళలో కొత్త ఆవకాయ జాడీ తీసినప్పుడు బాగుందని ఒక్క మాటతో వదిలేస్తామా? ఆవ ఘాటు చాలిందా, ఉప్పు ఓ పిసరు ఎక్కువైందా, ముక్క మెత్తబడిందా అని పూటంతా మాట్లాడుకుంటాం. పాటకీ నవ్వుకీ ఆ మాత్రం శ్రద్ధ పెట్టాలి.

‘అమృతం’ సంగతే తీసుకో. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రుళ్ళు జెమినీ టీవీలో వచ్చింది. గుణ్ణం గంగరాజు గారి నిర్మాణం. 300కి పైగా భాగాలు. నీకు ఎందుకిష్టమని అడిగితే ‘క్లాసిక్ కదా’ అన్నావు. ఆ మాట నీ కంటే ముందు వెయ్యిమంది అన్నారు, అందులో నువ్వు కనబడవు. నన్నడిగితే ఇలా చెబుతాను. హీరో అమృతానికి తేలిగ్గా డబ్బు వచ్చే ఉపాయం ఒకటి తడుతుంది. ఆంజనేయులు వేషంలో గుండు హనుమంతరావు ముందు అనుమానంగా చూస్తాడు. ఆ చూపులోనే ఇది మునిగిపోయే వ్యవహారమని మనకి తెలిసిపోతుంది. అయినా స్నేహితుడు కాబట్టి వెంట నడుస్తాడు. నష్టం వచ్చాక కూడా మళ్ళీ తమ అమృత విలాస్ హోటల్లోనే ఇద్దరూ కూర్చుంటారు. అమృతం వేషం ముగ్గురు మారారు, శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్. ఆంజనేయులు మాత్రం మారలేదు. అందుకే హీరో మారినప్పుడల్లా సీరియల్ కూలిపోకుండా నిలబడిందని నా నమ్మకం. ముగ్గురిలో ఏ అమృతం గొప్ప అని జనం ఇప్పటికీ తగాదా పడతారు. నువ్వు ఎవరి పక్షమో చెప్పు, కానీ ఒక సన్నివేశం పట్టుకుని చెప్పు. గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు. ఆ చూపుని గుర్తుపెట్టుకుని ఇంకొకరికి చెప్పేవాళ్ళు ఉన్నంతకాలం ఆయన పని నిలుస్తుంది.

ఇక పాటల దగ్గరికి వస్తాను. ఇక్కడ నీ మాటకి బరువు ఎక్కువ.

సినిమా పాటకి హీరో ఉన్నాడు, ఆడియో కంపెనీ ఉంది, ఊరంతా పోస్టర్లున్నాయి. నలుగురు కుర్రాళ్ళు అప్పోసప్పో చేసి రికార్డు చేసుకున్న పాటకి ఎవరున్నారు? వినేవాళ్ళలో ఒకరు ఇంకొకరికి చెప్పడమే దానికి పోస్టరు. నువ్వు పట్టించుకోకుండా పంపితే పట్టించుకోకుండానే వింటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు చౌరస్తా బ్యాండు వాళ్ళు చేతులెత్తి మొక్కుతూ ఒక పాట కట్టారు, గుర్తుందా? ఏ సినిమాలోదీ కాదు. ఫోను నుంచి ఫోనుకి పాకి మన పల్లెల దాకా వచ్చింది. మీ నానమ్మ కూడా విన్నది. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల తరవాత 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాలో ‘చిట్టి’ పాట పాడాడు, 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాట తనే కట్టి పాడాడు. తెనాలి కుర్రాడు దీనికి కోపం తెచ్చుకుని ‘సినిమాకి అమ్ముడుపోయాడు’ అన్నాడని చెప్పావు. ఆ మాట నాకు నచ్చలేదు. సంసారాలున్నాయి, అద్దెలున్నాయి, వాయిద్యాల ఖర్చుంది. పాటలో నిజం తగ్గిందా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్న, డబ్బు ఎక్కడ తీసుకున్నాడన్నది కాదు.

పాట సొంతంగా కట్టుకోవడం, అది సినిమాలోకి వెళ్ళడం మన చుట్టుపక్కల కొత్తేమీ కాదు. నువ్వు చదువుతున్న బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారి పేరు విన్నావు కదా. 1920లో తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి ఆడవేషాలకి ఆంధ్రదేశమంతటా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామకి, ఆమె అభిమానానికి తగిన పాట కావాలని ‘మీరజాలగలడా’ ఆయనే రాసుకుని పాడారు. వేషం కట్టే మనిషే పాట కట్టుకోవడం, దాన్ని ఊరూరా మోసుకెళ్ళడం. మీరు ఇండీ అంటున్నది అదే పని. ఆ పాటని ఊళ్ళు దాటించింది ఎవరు? నాటకం చూసి పొద్దున్నే ఇళ్ళకి పోయి, కల్లాల దగ్గరా కాలవ గట్ల మీదా పాడుకున్న మామూలు జనం. 1966లో అది సినిమాలోకి వెళ్ళింది. సుశీల గారు పాడారు, మన దుగ్గిరాలలో పెరిగిన జమున గారు సత్యభామగా అభినయించారు. పాట చెడిపోలేదు, ఇంకో తరానికి అందింది.

ఎదురు దారిలో నడిచినవాళ్ళూ ఉన్నారు. తెనాలి దగ్గర మోపర్రులో 1921లో పుట్టిన ఎం.ఎస్. రామారావు గారు 1944లో ‘తహసీల్దార్’ సినిమాకి పాడారు. తెలుగులో తొలి నేపథ్య గాయకుల్లో ఒకరు. చాలాకాలం సినిమాల్లో పాడి, తరవాత వాటిని వదిలి, సుందరకాండని తేలిక తెలుగులో తనే రాసుకుని పాడుకున్నారు. వెనక సినిమా లేదు, హీరో లేడు. 1992లో ఆయన పోయారు. ఇవాళ్టికీ మన ఊళ్ళలో తెల్లవారుజామున గుడి మైకులోంచి ఆ గొంతు వినబడుతుంది. పేరు తెలియనివాళ్ళు కూడా గొంతు గుర్తుపడతారు. సినిమా నుంచి బయటికొచ్చాడని ఎవరూ తక్కువ చేయలేదు, బయటి నుంచి సినిమాలోకి వెళ్ళినవాడిని మనం ఎందుకు తక్కువ చేయాలి?

మా చిన్నతనంలో విజయవాడ రేడియో మాకు పాటని శ్రద్ధగా వినడం నేర్పింది. సినిమాతో సంబంధం లేని లలిత గీతాలు వేసేవారు. ‘ఈ మాసపు పాట’ అని ఉండేది, నెలంతా ఒకే పాట. మొదటి వారం బాణీ తెలిసేది. రెండో వారానికి మాటలు. నాలుగో వారానికి వీణ ఎక్కడ ఆగిందో, గాయకుడు ఏ అక్షరం దగ్గర ఊపిరి తీసుకున్నాడో తెలిసేది. ఒక్కసారి విని మాట్లాడేవాడికీ నెల విని మాట్లాడేవాడికీ తేడా అక్కడే ఉంది. మీకిప్పుడు రోజుకి యాభై పాటలు దొరుకుతాయి, పదిహేను సెకన్లకి వేలు జారుతుంది. స్నేహితురాలు పంపిన పాటని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు వినకుండా ఏమీ అనకు. ఇది కఠినమైన నియమమే. పాటించు.

పంపేటప్పుడు కూడా పాట ఒక్కటే పడేయకు. రాసిందెవరు, పాడిందెవరు, డోలక్కో గిటారో వాయించిందెవరు, కింద రాయి. సినిమా పాటని హీరో పేరుతో పిలిచే అలవాటు మనది. వీళ్ళకి హీరో లేడు, వాళ్ళ పేర్లన్నా మిగలనీ. బాపట్లలోనో గుంటూరులోనో వాళ్ళ కచేరీ పడితే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళు. డబ్బు చాలకపోతే నన్నడుగు, పంపిస్తాను.

నచ్చకపోతే నచ్చలేదని చెప్పమనే అంటాను. స్నేహం చెడుతుందని అబద్ధం ఆడితే రేపు నువ్వు నిజంగా మెచ్చుకున్నా నమ్మరు. ‘నీ టేస్ట్ ఇంతే’ అనేమాట మాత్రం నోట రానీయకు. ఆ మాట పాటని వదిలేసి మనిషి మీద పడుతుంది. తెనాలి కుర్రాడికి కూడా నా మాటగా చెప్పు. ‘ఫ్రెండ్స్’ మంచి సీరియలే, నేనూ కొంత చూశాను. కింద అక్షరాలు చదువుకుంటూ పరాయి దేశపు నవ్వు అందుకోవడానికి అతను కష్టపడ్డాడు, సంతోషం. పక్క ఊరి నవ్వు అందుకోవడానికి అందులో సగం కష్టపడమను. రేపల్లె తెనాలికి గంటన్నర దూరం కూడా లేదు.

ఇంకో సంగతి. ఆ పిల్ల పాటలు పంపడం మానేసిందని నువ్వు బాధపడ్డావు, నాకు అది తృప్తినిచ్చింది. బాధ లేకపోతే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. అయితే ‘సారీ’ అని గ్రూపులో ఓ బొమ్మ పెట్టి చేతులు దులుపుకోకు. వచ్చే శనివారం బాపట్లలో బస్సెక్కు, చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళు. వాళ్ళింట్లో, ఆ ముందుగదిలోనే కూర్చో. తనకి బాగా నచ్చిన స్కిట్టు ఒకటి తననే వేయమను, మధ్యలో ఫోను చూడకుండా చివరిదాకా చూడు. నవ్వొస్తే నవ్వు, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పు. ఆ తరవాత నువ్వు ‘అమృతం’ భాగం ఒకటి వెయ్యి, వాళ్ళ నానమ్మ ఏమంటారో విను. ఆవిడ అన్నమాట నాకు రాసి పంపు.

ఇట్లు
నీ పెదనాన్న
తెనాలి