ఒక మేఘమా, రెండు మేఘాలా? రాడార్ చూపుకు పదును పెట్టడం

తరగతిలో మేము ఒక చిన్న ప్రయోగం చేయిస్తుంటాం. కిటికీలు మూసి, ఇద్దరు పిల్లలను గోడకు ఆనించి రెండడుగుల ఎడంలో నిలబెడతాం. మరొక విద్యార్థి టార్చిలైటును ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతాడు. దగ్గర నుంచి వేస్తే వెలుగు ముందు ఒకరి మీద, తర్వాత ఇంకొకరి మీద పడుతుంది. గది చివరి నుంచి వేస్తే వెలుగు పరుచుకుని ఇద్దరి మీదా ఒకేసారి పడుతుంది. వాతావరణ రాడార్‌కు ఉన్న చిక్కు కూడా ఇదే.

రాడార్ రేడియో తరంగాలను చిన్న చిన్న స్పందనలుగా పంపుతుంది. అవి వాన చినుకులను తాకి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఆ క్షణాన డిష్ ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి దిక్కు తెలుస్తుంది. ఒకే దూరంలో పక్కపక్కనే ఉన్న రెండు వస్తువులను రెండుగా చూడగల శక్తిని కోణీయ పృథక్కరణ సామర్థ్యం అంటాం.

ఇందులో దూరం లెక్క నయం. స్పందన సెకనులో పది లక్షలవ వంతు కాలం ఉంటే, ముందువెనుకలుగా 150 మీటర్ల ఎడం ఉన్నవాటిని రాడార్ ఎంత దూరంలోనైనా విడదీయగలదు. దిక్కు లెక్క అలా కాదు. ఒక డిగ్రీ వెడల్పు ఉన్న తరంగ పుంజం 60 కిలోమీటర్ల దూరంలో సుమారు ఒక కిలోమీటరు, 120 దగ్గర రెండు, 240 దగ్గర నాలుగు కిలోమీటర్లు పరుచుకుంటుంది. రెండు కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఉరుము మేఘాలు 60 కిలోమీటర్ల దూరంలో విడిగా కనిపిస్తాయి. 240 దగ్గర ఒకే మరకలా కలిసిపోతాయి.

పుంజాన్ని సన్నం చేయాలంటే డిష్‌ను పెద్దది చేయాలి, లేదా తరంగదైర్ఘ్యాన్ని తగ్గించాలి. 10 సెంటీమీటర్ల తరంగానికి ఒక డిగ్రీ పుంజం కావాలంటే ఎనిమిదిన్నర మీటర్ల డిష్ అవసరం. అర డిగ్రీకి 17 మీటర్లు కావాలి. తుపాను గాలిలో అంత బరువును తిప్పుతూ నిలబెట్టడం తేలిక కాదు, ఖర్చూ తక్కువ కాదు. 3 సెంటీమీటర్ల తరంగమైతే మూడు మీటర్లలోపు డిష్‌తోనే పని జరుగుతుంది. కానీ భారీ వాన ఆ తరంగాన్ని బాగా బలహీనపరుస్తుంది. ముందున్న వాన వెనకాల ఏముందో సరిగా కనిపించదు. మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీర కేంద్రాల్లో 10 సెంటీమీటర్ల తరగతి రాడార్లు పెట్టడానికి కారణం అదే.

డిష్ మార్చకుండానే కొంత మేలు చేసుకునే దారులున్నాయి. అమెరికాలో 2008 నుంచి వాతావరణ రాడార్లు ఒక్కో డిగ్రీకి బదులు అర డిగ్రీకొకసారి లెక్క తీస్తున్నాయి. డిష్ తిరుగుతూ ఉండగా సగటు తీయడం వల్ల వచ్చే అలుకుడు దీనితో తగ్గి, సుడిగాలుల గుర్తులు ఇంకాస్త దూరం నుంచి తెలుస్తున్నాయి. అయితే ఒక్కో లెక్కకు అందే స్పందనలు తగ్గుతాయి కనుక లెక్కలో ఒడిదుడుకులు పెరుగుతాయి.

రెండో దారి గణితం. పుంజం ఆకారం మనకు ముందే తెలుసు. దాని వల్ల బొమ్మ ఎంత అలికిందో అంచనా కట్టి వెనక్కి తీసివేయవచ్చు. ప్రతిధ్వని బలంగా ఉంటే ఇది పనిచేస్తుంది. బలహీనంగా ఉంటే రొద కూడా పెద్దదై, లేని మేఘాలు పుట్టుకొస్తాయి. తిరిగొచ్చిన ప్రతిధ్వనిలో ఉన్నదాన్నే గణితం వెలికి తీయగలదు, లేనిదాన్ని తేలేదు.

మూడో దారి రాడార్‌నే కదిలించడం. 1951లో కార్ల్ వైలీ అనే ఇంజనీరు చెప్పిన ఉపాయమిది. విమానం గానీ ఉపగ్రహం గానీ ముందుకు సాగుతూ వేర్వేరు చోట్ల అందుకున్న ప్రతిధ్వనులను కలిపితే, అంత పొడవైన యాంటెన్నాతో చూసినంత సూక్ష్మంగా కనిపిస్తుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం చేసే పని ఇదే. దాని యాంటెన్నా 12 మీటర్లే అయినా, 747 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేల మీద మీటర్ల స్థాయి వివరం ఇస్తుంది. కానీ ఒకే చోట నిలబడి, క్షణక్షణం మారే మేఘాలను చూసే వాతావరణ రాడార్‌కు ఈ సౌకర్యం లేదు.

ఇదంతా ఇంజనీర్ల గొడవ అనుకోవద్దని పిల్లలకు చెబుతుంటాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. అంతటి తుపాను వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కనుక ఇప్పుడు రాడార్‌కు దూరం నుంచే దొరుకుతుంది. దొరకనివి చిన్నవి. మధ్యాహ్నం పొలంలో నాట్లు వేస్తున్న కూలీల మీదికి అరగంటలో కమ్ముకొచ్చే పిడుగుల మేఘం నాలుగైదు కిలోమీటర్లే ఉండవచ్చు. రాడార్‌కు దూరంగా ఉన్న మండలంలో అది పక్క మేఘంతో కలిసి ఒక్క మరకైపోతే, ఏ ఊరికి హెచ్చరిక ఇవ్వాలో తేల్చడం కష్టం. అందుకే ఫోనులో రాడార్ బొమ్మ చూసేటప్పుడు ఆ రాడార్ మన ఊరికి ఎంత దూరంలో ఉందో కూడా చూడాలి. బొమ్మలో మన ఊరి మీద రంగు లేదని ఉరుములు వినబడుతున్నా చెట్టు కింద నిలబడకూడదు.

ఒకసారి ప్రయోగం అయ్యాక వెనక బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, ఆ మూల నుంచి ఇంకో టార్చి వేస్తే సరిపోతుంది కదా?" అంది. సరిపోతుంది. పెద్ద రాడార్లకు అందని చోట చిన్న రాడార్లను దగ్గరదగ్గరగా పెట్టడం ఆ అమ్మాయి చెప్పిన జవాబే. చూపుకు పదును పెట్టే ఉపాయాలు ఎన్ని ఉన్నా, దగ్గరగా వెళ్లి చూడటానికి సాటి వచ్చేది లేదు.