అదును దాటకముందే: విద్యార్థి జీవితంలో సమయపాలన



ఉన్నవాడికైనా, లేనివాడికైనా రోజుకు 24 గంటలే అని మనం చాలాసార్లు విన్నాం. ఈ మాట సగమే నిజం. ట్యూషన్‌కు బండి మీద దింపే నాన్న, బట్టలు ఉతికిపెట్టే అమ్మ ఉన్న పిల్లవాడికి చేతిలో మిగిలే సమయం ఎక్కువ. మన బట్టలు మనమే ఉతుక్కోవాలి, మన పళ్లెం మనమే కడుక్కోవాలి. నీళ్లకు లైను, అన్నానికి లైను. అందుకే సమయపాలన అనేది అందరికంటే మనకే ఎక్కువ అవసరం. ఈ హాస్టల్లో చదువుకుని వెళ్లిన మేము తెలుసుకున్న కొన్ని విషయాలు మీతో పంచుకుంటున్నాం.

మన రోజుకు లెక్క

ముందుగా ఒక రోజును కాగితం మీద పెడదాం. ఉదయం 5 గంటలకు లేచామనుకుందాం. 6 నుంచి 7:30 వరకు చదువు. 9 నుంచి 4:30 వరకు బడి, నడక కలిపి. సాయంత్రం 6 నుంచి 7:30 వరకు, భోజనం తర్వాత 8:15 నుంచి 9:30 వరకు స్టడీ అవర్. తర్వాత నిద్ర. అంటే నిద్రకు ఏడున్నర గంటలు, బడికి ఏడున్నర గంటలు, సొంత చదువుకు 4 గంటల 15 నిమిషాలు పోతాయి. ఇంకా 4 గంటల 45 నిమిషాలు మిగులుతాయి. స్నానం, భోజనం, బట్టలు, ఆటలు అన్నీ ఇందులోనే.

ఈ మిగిలిన సమయంలో లైన్లలో నిలబడేది రోజుకు 50 నిమిషాలు అనుకుందాం. ఏడాదిలో 240 రోజులు హాస్టల్లో ఉంటే అది 12,000 నిమిషాలు, అంటే 200 గంటలు అవుతుంది. ఇంత సమయం నిలబడే గడిచిపోతోంది. దాన్ని ఏం చేయవచ్చో కింద చెబుతాం.

మీరు కూడా ఒక మూడు రోజులు, ఎవరికీ చూపించకుండా, ఏ పనికి ఎంతసేపు పట్టిందో నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. మనం చదివామనుకున్న సమయానికి, నిజంగా చదివిన సమయానికి తేడా ఎంతో అప్పుడే తెలుస్తుంది.

మన ఇంట్లోనే గురువులు

సమయపాలన నేర్చుకోవడానికి పెద్ద పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. సేద్యంలో అదును, పదును అనే రెండు మాటలున్నాయి. వాన పడి నేల పదునైనప్పుడు విత్తనం వేయాలి. వారం ఆగి వేస్తే అదే విత్తనం, అదే చేను, అదే కష్టం, కానీ పంట అదే కాదు. ఈ సంగతి మన తల్లిదండ్రులకు ఎవరూ బడిలో చెప్పలేదు. తెల్లవారుజామునే లేచి, వంట వండి, ఇల్లు ఊడ్చి, సద్ది కట్టుకుని కూలికి బయలుదేరే అమ్మను మించి సమయపాలన తెలిసినవాళ్లు ఎవరున్నారు?

చదువుకూ అదును ఉంది. ఈరోజు సారు చెప్పిన లెక్క ఈ రాత్రికి చేస్తే పదిహేను నిమిషాల పని. నెల తర్వాత చేయాలంటే పాఠమంతా మళ్లీ మొదలుపెట్టాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు.

అంబేడ్కర్ గారి మూడేళ్లు

మన హాస్టల్ గోడ మీద రోజూ చూసే బాబాసాహెబ్ అంబేడ్కర్ గారి జీవితంలో ఈ విషయానికి సంబంధించిన పాఠం ఒకటుంది. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ ఉపకార వేతనానికి గడువు మూడేళ్లు. ఎవరో ఇచ్చిన ఆ కాలాన్ని ఆయన వృథా చేయలేదు. 1915లో ఎం.ఎ. పూర్తిచేసి, పరిశోధన కొనసాగిస్తూ 1916లో లండన్ చేరారు. 1917లో ఉపకార వేతనం గడువు ముగియడంతో చదువు మధ్యలోనే ఆపి స్వదేశానికి రావలసివచ్చింది.

అక్కడితో అయిపోయిందని ఆయన అనుకోలేదు. నాలుగేళ్లలోగా తిరిగివచ్చి చదువు పూర్తిచేసుకునే అనుమతి ముందే తీసుకున్నారు. బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టి, కొంత సహాయం, కొంత అప్పు తీసుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1921లో ఎం.ఎస్సీ., 1923లో డి.ఎస్సీ. పట్టాలు సాధించారు.

ఇందులో మనకు రెండు సంగతులున్నాయి. హాస్టల్లో మన కాలం కూడా గడువు ఉన్న కాలమే. పదో తరగతి పూర్తికాగానే ఈ మంచం, ఈ పెట్టె పెట్టుకునే చోటు ఇంకొకరివి అవుతాయి. రెండోది, ఏ కారణం వల్లనైనా మధ్యలో కాలం పోతే చదువు పోయినట్టు కాదు. పదో తరగతిలో ఒక సబ్జెక్టు తప్పినవాళ్లకు అదే ఏడాది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంది. తప్పామని సిగ్గుపడి ఊరి నుంచి రానివాళ్లు మీ గదిలో ఉంటే, ఈ మాట వాళ్లకు చేరవేయండి.

రోజూ పాటించదగిన పద్ధతులు

1. సమయాన్ని ముక్కలు చేసుకోండి. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి 1980ల చివర్లో, వంటగదిలో వాడే టమాట ఆకారపు టైమర్ పెట్టుకుని 25 నిమిషాలు చదవడం, 5 నిమిషాలు విశ్రాంతి తీసుకోవడం అలవాటు చేసుకున్నాడు. అది ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉంది. మనకు టైమర్ అక్కర్లేదు, గోడ గడియారం చాలు. పైన చెప్పిన మన స్టడీ అవర్లలో ఇలాంటి ముక్కలు ఎనిమిది వస్తాయి. ఆరు సబ్జెక్టులకు ఆరు, మనకు కష్టమైన సబ్జెక్టుకు మిగిలిన రెండు.

2. మరుపుకు ముందే తిరిగి చూడండి. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల జాబితాలు బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో తన మీద తానే పరీక్షించుకుని 1885లో ప్రకటించాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా జరుగుతుందని ఆయన కనుగొన్నాడు. కాబట్టి విన్న పాఠాన్ని ఆ రాత్రే ఒకసారి, రెండు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి చూడాలి. పుస్తకం మూసి, గుర్తున్నది రాసి, తర్వాత తెరిచి సరిచూసుకోండి.

3. లైన్లలో కాగితం ముక్కలు వాడండి. లైనులో పాఠ్యపుస్తకం చదవడం కుదరదు. పాత నోట్‌బుక్ అట్టను చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు రాసి జేబులో పెట్టుకోండి. సూత్రాలు, సంవత్సరాలు, ఇంగ్లీషు పదాలు ఇలా నేర్చుకోవచ్చు. పక్కనున్నవాడిని అడిగితే ఇద్దరికీ వస్తుంది.

4. పడుకునే ముందు రేపటి మూడు పనులు రాసుకోండి. పది రాస్తే ఒక్కటీ కాదు.

5. నిద్రను కోసుకోవద్దు. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుంటే మర్నాడు హాల్లో చదివింది గుర్తుకురాదు. ఆటను కూడా మానవద్దు. గంట ఆడినవాడు చదువుకు కూర్చుంటే కుదురుగా కూర్చుంటాడు.

6. ఫోనుకు హద్దు పెట్టండి. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చిన్న వీడియోలు ఒకటి చూద్దామని మొదలుపెడితే గంట గడిచిపోతుంది. ఆ వీడియోలు మనల్ని లేవనివ్వకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చేలా తయారుచేసినవే. చూసేముందే ఎంతసేపో ఇంట్లోవాళ్లకు చెప్పి చూడండి.

సెలవులే అసలు పరీక్ష

హాస్టల్లో గంట కొడతారు, కాబట్టి చదువుతాం. దసరాకు, సంక్రాంతికి ఇంటికి వెళితే గంట కొట్టేవారుండరు. పత్తి తీతకో, కోతలకో మన చెయ్యి కూడా ఇంటికి అవసరమవుతుంది. ఆ రోజు కూలి ఇంటి అప్పులో కొంత తీరుస్తుంది కాబట్టి, పనికి రానని చెప్పడం అందరికీ సాధ్యం కాదు. మరేం చేయాలి? వెళ్లిన రోజే అమ్మానాన్నలతో కూర్చుని, “పొద్దున ఒక గంట నాకివ్వండి, మిగతా పని చేస్తాను” అని అడగండి. పుస్తకాలన్నీ మోసుకెళ్లకుండా రెండే తీసుకెళ్లండి. సెలవు ముగిసిన రోజే హాస్టల్‌కు తిరిగి రండి. ఒక వారం అంటే రెండు వారాలు, తర్వాత నెల, ఆ తర్వాత బడి మానేయడం. మా తరగతిలో చదువు ఆగిపోయిన వాళ్లలో చాలామంది సెలవుల తర్వాత తిరిగి రానివాళ్లే.

ఇంకొక మాట. ఇంట్లో చెల్లి ఉంటే ఆమె సమయం గురించి కూడా ఆలోచించండి. మనం చదువుకుంటుంటే గిన్నెలు తోమేది ఆమే. ఒక పూట ఆ పని మనం చేస్తే ఆమెకూ ఒక గంట చదువు దొరుకుతుంది.

పూర్వ విద్యార్థులకు మనవి

ఉద్యోగాల్లో, కూలి పనుల్లో, పట్టణాల్లో ఉన్న మనందరికీ తీరిక తక్కువే. హాస్టల్‌కు ఫ్యానో, పుస్తకమో ఇవ్వడం మంచిదే. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు వచ్చి లెక్కలో, ఇంగ్లీషో చెబితే ఏడాదికి 24 గంటలు అవుతాయి. మన ఏడాదిలో ఒక్క రోజు మన తమ్ముళ్లకు ఇచ్చినట్టు.

మిత్రులారా! ఈ సంచిక చదవడం అయిపోగానే నోట్‌బుక్ చివరి పేజీ తీయండి. ఈరోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏ గంట ఎక్కడికి పోయిందో రాయండి. రేపటి మూడు పనులు దాని కిందే రాసుకోండి.