రెండు నిమిషముల చిత్రము

శ్రీకాకుళము జిల్లాలో సముద్రతీరము వెంబడి ఉద్దానమను ప్రాంతము కలదు. ఉద్యానవనమను మాటయే జనుల వాడుకలో ఉద్దానమైనదని చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో ఎటు చూచినను కొబ్బరి, జీడి, పనస తోటలే. ఆ జీడిపిక్కలను కొట్టి పప్పు తీయు కర్మాగారములు పలాస, కాశీబుగ్గ పట్టణములలో పెక్కు గలవు. ఇట్టి సీమను గూర్చి, అచటి నీటిని గూర్చి, అచటి జబ్బును గూర్చి పలాస విద్యార్థులు కొందరు ఇరువది నిమిషముల చలనచిత్రము తీసిరనుకొనుడు. దానిని పదిమందికి చూపవలెను. చూచుటకు జనులు రావలెనన్నచో, ముందుగా రెండు నిమిషముల ట్రైలరు కావలెను. అసలు చిక్కు ఇచటనే ఆరంభమగును.

ట్రైలరు అను ఆంగ్లపదమునకు వెనుక వచ్చునదని అర్థము. తొలిదినములలో ఇట్టి ముక్కలను చిత్రము ముగిసిన పిమ్మట చూపెడివారు; అందుచే ఆ పేరు వచ్చినది. ప్రేక్షకులు ముందే లేచిపోవుచుండుటచే కాబోలు, తరువాత వానిని మొదటికి మార్చిరి. వరుస మారినను పేరు మారలేదు.

సాధారణముగా ఒక సెకనునకు 24 నిశ్చలచిత్రములు కన్నుల యెదుట కదలును. కావున రెండు నిమిషములకు 2,880 చిత్రములు. 35 మిల్లీమీటర్ల ఫిలిములో అడుగునకు 16 చొప్పున ఇది 180 అడుగుల చుట్ట. పూర్వము ఆ చుట్టను కత్తిరించి, అతికించి, త్రిప్పి చూచుకొనెడివారు. తెలుగు చిత్రముల పేర్ల పట్టికలలో ఈ పనికి ‘కూర్పు’ అను చక్కని మాట వాడిరి. ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి గారు చిత్రీకరణకు ముందే ప్రతి దృశ్యమునకు నిడివి లెక్కకట్టుకొనెడివారని ప్రసిద్ధి. నేడు కూర్పు కంప్యూటరుపై జరుగుచున్నది. కత్తిరించినది మరల అతికించుట క్షణములో పని. ఏది కత్తిరించవలెనో ఆ యంత్రము చెప్పదు.

మొదటి చిక్కు మమకారము. ఒక బాలుడు టెక్కలి చెంతనున్న తేలినీలాపురమునకు తెల్లవారకముందే పోయి, ఏటేట అచటికి వలసవచ్చు గూడబాతులు చెట్లపై వ్రాలుటను గంటలకొలది వేచి తీసికొని వచ్చెను. దృశ్యము మనోహరమే. కాని చిత్రము పక్షులను గూర్చినది కాదు. అతడు పడిన శ్రమ చూచువారికి తెలియదు, తెలియనక్కరయు లేదు. దృశ్యము తీసినవాడే కూర్పునకు కూర్చున్నచో ఇట్టివానిని వదలుకొనలేడు. ఆ పనికి మరియొకనిని కూర్చుండబెట్టుట మేలు.

రెండవది ధ్వని. తీరమున గాలి ఎడతెగక వీచును. తోటలో రైతు చెప్పిన మాట అర్థము కాక, హోరు మాత్రము మిగులును. మైకునకు మెత్తని తొడుగు వేయుట, గోడచాటున మాటలాడించుట దీనికి ఉపాయములు. రైతు పలికిన ఉద్దానపు మాటను తీసివేసి, దానికి బదులు పుస్తకభాషలో మరియొకరిచే చదివించుట ఉపాయము కాదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు రెండు దృశ్యముల అతుకులో నున్నది. 1920 ప్రాంతమున రష్యాలో కులెషోవ్ అను దర్శకుడు చేసిన పరీక్షను అతని శిష్యుడు పుదోవ్కిన్ వర్ణించినాడు. ఏ భావమును లేని ఒక నటుని ముఖమును తీసికొని, మొదట దాని ప్రక్కన సూపు గిన్నెను, తరువాత శవపేటికలోని స్త్రీని, ఆ పిమ్మట బొమ్మతో ఆడుకొను బాలికను అతికించిరి. చూచినవారు ఆ నటుని ఆలోచనను, దుఃఖమును, చిరునవ్వును మెచ్చుకొనిరట! ముఖము మాత్రము మూడుచోట్లను ఒక్కటే.

విద్యార్థుల ట్రైలరులోనే చూడుడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరము దాటి, కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చెను. కూలిన చెట్లకు ముందు ఎగసిపడు కెరటమును అతికించినచో, సముద్రమే పొంగి తోటలను ముంచెనని చూచువారు నమ్ముదురు. ఆ తోటలను కూల్చినది గాలి. కెరటము మరియొకనాడు తీసినది.

ఈ పొరపాటును ఎవరైనను దిద్దగలరు. రెండవది అంత తేలిక కాదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి దశాబ్దులుగా జనులను పీడించుచున్నది. నీరు, ఎండలో చాకిరి, పురుగుమందులు మొదలగువానిని శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. ఇదియే కారణమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయమునుండి తాగునీరు తెచ్చు పథకమును ఆనాడే ఆరంభమైనది.

విద్యార్థుల యొద్ద రెండు దృశ్యములున్నవి: బోరింగు కొట్టి బిందె నింపుకొను స్త్రీ, డయాలిసిసు మంచముపై పడుకొనిన పెద్దాయన. రెండును సత్యములే. ఒకదాని వెంట ఒకటి పెట్టినచో, ఆ నీరే ఆ జబ్బు తెచ్చినదని ట్రైలరు తీర్పు చెప్పినట్లగును. ఆ మాట ఎవరును నోట పలుకలేదు, అతుకు పలికినది. అది విని ఆ ఊరి పిల్లను చేసికొనుటకు వెనుదీయువారుండవచ్చును. పలాస పేరిట 2020లో ‘పలాస 1978’ అను కథాచిత్రము వెలువడినది. కథకు కల్పన చెల్లును. ఈ చిత్రములోని ఊరు నిజమైనది, బిందె పట్టినామె నిజమైనది.

నడుమ వైద్యుడొకడు “కారణమింకను తేలలేదు” అను మాట పెట్టినచో నాలుగు సెకనులు, అనగా 96 చిత్రములు ఖర్చగును. “ఊపు తగ్గిపోవును గదా!” యని కూర్పరి గొణుగును. తగ్గును. ఐనను పెట్టవలసినదే.

పెద్దాయన ముఖమును గూర్చి వేరొక ప్రశ్న గలదు. చిత్రమునకు ఆయన ఒప్పుకొనెను, ట్రైలరునకు ఒప్పుకొనెనా? ట్రైలరు చేతి ఫోనులలో ఊరూర తిరుగును. మరల వెళ్లి అడుగవలెను. “నా మొకం సూసి జాలిపడితే నాకేటి లాబం బాబూ?” అని ఆయన అన్నచో, ఆ దృశ్యమును తీసివేసి, మంచము ప్రక్కనున్న ఖాళీ చెప్పులను చూపినను చాలును.

తుదకు కూర్పు ఇట్లుండవచ్చును: తెరపై చీకటి; జీడిపిక్క కొట్టు చప్పుడు; పిక్కల నూనెచే నల్లబడిన స్త్రీ చేతులు; కూలిన తోట, దానిపై 2018 అను అంకెలు; వైద్యుని మాట; ఖాళీ చెప్పులు; తిరిగి నాటిన కొబ్బరిమొక్క; చిత్రము పేరు, ప్రదర్శించు చోటు. బిందె దృశ్యమునకు ఇచట చోటు లేదు. దానిని విడమరచి చెప్పుటకు అసలు చిత్రములో ఇరువది నిమిషములున్నవి. అన్నియు చేర్చినను ఒక నిమిషము 52 సెకనులే అయినది. మిగిలిన ఎనిమిది సెకనులలో ఇంకొక కెరటము పెట్టుదమని ఒకడు, గూడబాతులను పెట్టుదమని మరియొకడు పట్టుపట్టిరి. చిత్రములో మాటలాడినవారి పేర్లు వేయుటకు ఆ ఎనిమిది సెకనులు సరిపోయినవి.