మృగశిరలో మర్రి, జువ్వి కొమ్మ ముక్కలు: వేర్ల సంరక్షణ

మర్రి, రావి, జువ్వి, మేడి చెట్లన్నీ ఫైకస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. మృగశిర, ఆరుద్ర కార్తెలలో, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై తొలి వారం దాకా, రోహిణి ఎండ తగ్గి, గాలిలో తేమ పెరిగి, నేల మాత్రం ఇంకా వెచ్చగా ఉండడం వల్ల వీటి కొమ్మ ముక్కలకు వేర్లు సులువుగా పుడతాయి. బోన్సాయ్, అంటే పళ్ళెంలో చెట్టును పెంచే విద్య, జపాన్ పేరుతో ప్రపంచానికి తెలిసింది కాబట్టి ఆ దేశపు పద్ధతులను అనుసరించే పుస్తకాలు వేర్ల పని వసంతారంభంలో చేయమని చెబుతాయి. ఆ సూచన చలికి ఆకు రాల్చి నిద్రించే చెట్లకు తగినదే గానీ, ఫాల్గుణం దాటగానే ఎండ ముదిరే ఖమ్మం జిల్లాలో కోసిన వేరు కోలుకోకముందే ఆకు నీరు కోరుతుంది కనుక ఇక్కడి ఫైకస్‌కు తొలకరి అదునే సరైనది.

విత్తనం నుంచి వచ్చిన మొక్కకు నిట్టనిలువుగా దిగే తల్లివేరు ఉంటుంది. కొమ్మ ముక్కకు తల్లివేరు ఉండదు. కోసిన చోటు చుట్టూ, కణుపుల దగ్గర పీచువేర్లు పుట్టి నలువైపులా పరుచుకుంటాయి. మొదలు చుట్టూ చక్రపు ఆకుల్లా వ్యాపించిన వేర్లే బోన్సాయ్‌కు అందం కాబట్టి ఈ లక్షణం సాగుదారుకు అనుకూలమైనది, అయితే అన్ని వైపులా సమంగా వేర్లు పుట్టాలంటే కోత శుభ్రంగా ఉండి, మొదలు చుట్టూ తేమతో పాటు గాలి కూడా ఆడాలి.

ఈ గాలి విషయమే ఖమ్మం జిల్లా బోనకల్ రైతులు ప్రత్యేకంగా గమనించవలసినది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పత్తికి, మిరపకు అన్నం పెట్టే నల్లరేగడి, కుండీలోకి వచ్చేసరికి లేత వేరుకు శత్రువవుతుంది, ఎందుకంటే తడిసినప్పుడు ఉబ్బి మట్టిలోని సందులను మూసివేస్తుంది, ఆరినప్పుడు బీటలు వారి పీచువేర్లను తెంపుతుంది. ప్రాణవాయువు గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కాబట్టి సందులన్నీ నీటితో నిండిన మట్టిలో వేరు ఊపిరాడక చస్తుంది. అలా చచ్చిన, నీరసించిన వేర్ల మీదికి పిథియం, ఫైటోఫ్తోరా వంటి నీటి బూజులు, అంటే నీటిలో ఈది వేరును చేరే సూక్ష్మజీవులు, వచ్చి వేరుకుళ్ళు తెస్తాయి. అందువల్ల వేర్లు పుట్టే దశలో ముతక ఇసుక, ఉప్పు పోయేలా కడిగిన కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపి వాడాలి, ఎరువు ఏదీ కలపకూడదు.

కుండీ అడుగున గులకరాళ్ళు పోస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం వాడుకలో ఉంది గానీ అది సరికాదు. కుండీ ఎంత లోతైనదైనా అడుగున కొంత మందాన నీరు పట్టుకుని నిలిచే పొర ఏర్పడుతుంది. గులకరాళ్ళు ఆ పొరను పైకి, వేర్ల దగ్గరికి జరుపుతాయే తప్ప తగ్గించవు. పళ్ళెం లోతు తక్కువైనప్పుడు మట్టిలో ఎక్కువ భాగం ఆ తడి పొరలోనే ఉండిపోతుంది కనుక లేత మొక్కను నేరుగా బోన్సాయ్ పళ్ళెంలో నాటకుండా, తొలి ఏడాది లోతైన కుండీలో పెంచడమే మేలు.

పెన్సిల్ మందం ఉండి, పచ్చదనం తగ్గి గట్టిపడుతున్న కొమ్మ నుంచి 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కను కణుపు కింద ఏటవాలుగా కోయాలి. కారే పాలను నీటిలో కడిగి, అరగంట నీడన ఆరనివ్వాలి. పాలు గడ్డకట్టిన కోతకు వేరు మందు అంటదు. ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లాన్ని, అంటే వేరు పుట్టుకను ప్రేరేపించే హార్మోనును, ముందుగా కొద్ది ఆల్కహాలులో కరిగించి లీటరుకు 2 గ్రాముల చొప్పున ద్రావణం చేసి, మొదలును కొన్ని సెకన్లు ముంచితే చాలు. జువ్వి, మర్రి త్వరగా లొంగుతాయి, రావి మొండికేస్తుంది. వేరు పట్టిందో లేదో చూడడానికి ముక్కను పీకి చూసే అలవాటు మానుకోవాలి. కొత్త చిగురు ఆగకుండా సాగడమే తగిన గుర్తు.

ఆరోగ్యమైన వేరు కొన తెల్లగా ఉంటుంది, ముదిరే కొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, ఇది రోగం కాదు. కుళ్ళిన వేరు నల్లబడి, వేళ్ళతో లాగితే తొక్క జారి లోపలి దారం మాత్రమే చేతికి వస్తుంది. మట్టి తడిగా ఉండగానే ఆకు వాడితే వేరు చస్తున్నదని గ్రహించాలి. దప్పిక అనుకుని మరింత నీరు పోయడం వల్లనే ఎన్నో మొక్కలు పోతున్నాయి. అటువంటప్పుడు కుళ్ళిన భాగం కోసివేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడపాలి.

ముందు జాగ్రత్తగా 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తేమతో నీడన వారం పది రోజులు మాగబెట్టి, వేరు పట్టిన మొక్కలను మార్చే మిశ్రమంలో వాడవచ్చు. ట్రైకోడెర్మా మేలు చేసే శిలీంధ్రం కనుక, శిలీంధ్రాలను చంపే రాగి మందుతో కలిపి వేయకూడదు. మిరప, టమాట, బెండ పండిన చేను మట్టిని కుండీలకు తేవడం ప్రమాదం, ఎందుకంటే అందులో వేరుబొడిపె నులిపురుగు ఉండవచ్చు. ఫైకస్ ప్రజాతికే చెందిన అంజీరకు ఈ పురుగు బెడద పేరుపొందినదే. వేరుపై బొడిపెలు కనిపిస్తే వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు చూపించి, నిర్ధారణ అయిన మొక్కను మట్టితో సహా తొలగించాలి.

తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి గానీ మరెక్కడి నుంచి గానీ మొక్క కొన్నవారు పాలిథిన్ సంచి విప్పి, సంచి గోడ వెంట గుండ్రంగా చుట్టుకున్న వేర్లను కోసి, మిగిలినవాటిని చక్రంలా పరిచి నాటాలి, లేనిపక్షంలో ఆ చుట్టే ముదిరి మొదలును బిగిస్తుంది. భద్రాచలం వైపు రిజర్వు అడవుల్లో అనుమతి లేకుండా మొక్కలు తవ్వడం నేరం. పాత బావుల ఒరలలో, గోడల పగుళ్ళలో మొలిచిన మర్రి, రావి మొక్కలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టుకు 2017 డిసెంబరులో చెదలు తిన్న కొమ్మ విరిగిపడిన తరువాత, 2018లో సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు ద్రావణం ఎక్కించారు, ఊడలను గొట్టాల గుండా నేలకు దించారు. పళ్ళెంలోని మర్రికీ ఈ గొట్టం ఉపాయం పనికివస్తుంది: వానాకాలపు తేమలో కొమ్మ నుంచి దిగే సన్నని ఊడ చుట్టూ తడి కొబ్బరి పొట్టు నింపిన సన్నని గొట్టాన్ని నిలబెట్టి, ఊడ మట్టిలో నాటుకుని గట్టిపడిన తరువాత, ఊడకు గీత పడకుండా గొట్టాన్ని నిలువునా చీల్చి తీసివేయాలి.